వసంతచర్యయు వేపపువ్వును

చైత్రశుద్ధ పాడ్యమినాడు తెలుగువారి యిండ్లలో సంవత్సరము చేదుతో ప్రారంభమగును. తలంటి పోసికొని, క్రొత్తబట్టలు కట్టి, దేవునికి నివేదన చేసిన పిమ్మట పిన్నలు పెద్దలు పరగడుపున పుచ్చుకొను మొదటి పదార్థము వేపపువ్వు కలిపిన పచ్చడి. క్రొత్త చింతపండు, క్రొత్త బెల్లము, మామిడిపిందె, ఉప్పు, కారము అందు చేరును గాని, ఆ పచ్చడికి పేరు తెచ్చినది వేపపువ్వే. ఆనాడే కన్నడిగులు బేవు-బెల్లమును, మహారాష్ట్రులు బెల్లము, వాము చేర్చి నూరిన వేపచిగుళ్ళను తిందురు. సౌరమానము ననుసరించు తమిళులు చిత్తిరై మొదటిదినమున మామిడిపచ్చడిలో వేపపువ్వు చేర్చుదురు. వంగదేశమున ఫాల్గుణ చైత్రములలో లేత వేపాకును వంకాయతో వేయించి అన్నమున మొదటి ముద్దగా తినుట అలవాటు. కాశ్మీర పండితులు నవరేహ్ అను తమ సంవత్సరాదినాటి ఉదయమున దర్శించు పళ్ళెములో బియ్యము, అక్రోటుకాయలు మొదలగువానితోపాటు చేదైన వసకొమ్మును ఉంచుదురు. భాషలు వేరు, మాసగణనము వేరు, వంటలు వేరు. సంవత్సరపు తొలినాళ్ళలో చేదును నాలుకకు తాకించుట మాత్రము దేశమున పెక్కుచోట్ల కనబడుచున్నది.

దీనికి సామాన్యముగా చెప్పబడు కారణ మొక్కటే. ఋతువు మారునప్పుడు రోగములు పుట్టును గాన, పూర్వులు వైద్యశాస్త్రము నెరిగి ఔషధమును పండుగలో చేర్చిరందురు. ఈ మాట వినుటకు ఇంపైనదే. కాని ప్రాచీన వైద్యసంహితలను వరుసగా పరిశీలించినచో విషయ మంత సులభముగా తేలదు. చరకుడుగాని, సుశ్రుతుడుగాని, వాగ్భటుడుగాని సంవత్సరాదినాడు వేపను తినవలెనని ఋతుచర్యలో విధింపలేదు. వారు చెప్పిన వసంతచర్య వేరు. మన పచ్చడి వేరు. అయినను ఈ రెంటికిని సంబంధము లేదనుటయు సరికాదు. ఆ సంబంధ మెట్టిదో తెలిసికొనుటకు ముందుగా శాస్త్రము వసంతమును ఏ దృష్టితో చూచినదో గ్రహింపవలెను.

చరకసంహిత సూత్రస్థానమున ఆరవదగు తస్యాశితీయాధ్యాయము ఋతుచర్యకు మూలము. అందు సంవత్సరము రెండు భాగములుగా విభజింపబడినది. శిశిర వసంత గ్రీష్మములు ఆదానకాలము. సూర్యుడు భూమినుండియు ప్రాణులనుండియు సారమును గ్రహించు కాలము. వర్ష శరత్ హేమంతములు విసర్గకాలము. చంద్రుని ప్రాబల్యముచే ఆ సారము మరల ప్రాణులకు చేరు కాలము. ఆదానమధ్యమున వచ్చు వసంతమునందు మానవుని బలము మధ్యమముగా నుండును. హేమంతమున చలిచేతను, గురుస్నిగ్ధాహారముచేతను శరీరమున పేరుకొన్న కఫము వసంతసూర్యుని వేడికి కరగి, జఠరాగ్నిని మందగింపజేసి, బహురోగములను పుట్టించునని చరకుని సిద్ధాంతము. మంచు కరగి ఏరులై పారుట చూచిన దేశమునందే ఇట్టి ఉపమానము స్ఫురించియుండును.

రోగకారణ మిట్లు నిర్ణయమైన పిమ్మట చికిత్స దానంతటదియే సిద్ధించినది. కరగిన కఫమును వెడలగొట్టుటకు వమనము ప్రధానము. బరువైన, పుల్లని, తీయని, జిడ్డుగల ఆహారమును, పగటినిద్రను మానవలెను. వ్యాయామము, నలుగు, ధూమపానము, పుక్కిలింత, అంజనము, గోరువెచ్చని నీటి వాడుక అవలంబింపవలెను. యవలు, గోధుమలు, మెట్టప్రదేశపు మృగపక్షుల మాంసము ఆహారముగా చెప్పబడినవి. ఏడవ అధ్యాయమున చరకుడు దోషములను వెడలించుటకు మూడు మాసములను నిర్దేశించెను. అవి చైత్రము, శ్రావణము, మార్గశీర్షము. రోగము వచ్చిన పిదప మందు వెదకుటకంటె, రోగహేతువు పెరుగు కాలము నెరిగి ముందుగానే శరీరమును శుద్ధి చేసికొనుట మేలను భావము ఈ విధికి ప్రాణము.

వమనమునకు ముఖ్యద్రవ్యము మదనఫలము. దీనినే మనవారు మంగకాయ యందురు. కల్పస్థానపు మొదటి అధ్యాయమున దాని సేకరణవిధి సవిస్తరముగా నున్నది. వసంత గ్రీష్మముల సంధికాలమున, పుష్యమి, అశ్విని, మృగశిర నక్షత్రములలో ఒకదానినాడు, పురుగు పట్టనివియు, పండినవియు నగు కాయలను కోయవలెను. వానిని కుశదర్భలలో చుట్టి, ఆవుపేడ పూసి, యవలపొట్టు, మినుములు, వరిధాన్యము, ఉలవలు, పెసలు మొదలగువానిలో ఏదేని యొకదాని రాశియందు ఎనిమిది రాత్రులు ఉంచి, పిదప ఎండబెట్టి గింజలు తీయవలెను. ఆ అధ్యాయముననే ఏ ఋతువున మొక్కయొక్క ఏ భాగమును గ్రహింపవలెనో చెప్పబడినది. క్రొత్తగా మొలచిన కొమ్మలను ఆకులను వర్షర్తువునందును వసంతమునందును, వేళ్ళను గ్రీష్మమునగాని శిశిరమునగాని, పట్ట, దుంప, పాలు వీనిని శరత్తునందు, చేవను హేమంతమునందు, పూవులను కాయలను అవి పుట్టు ఋతువునందు గ్రహింపవలెను. చిగురాకు ఔషధమునకు వసంతము తగిన కాలమను ఈ వాక్యము మన ప్రస్తుతవిషయమునకు మిక్కిలి దగ్గరగా నున్నది.

వేప పేరు చరకునియందు రెండు ముఖ్యస్థలముల కనబడును. నాలుగవ అధ్యాయమున దురదను పోగొట్టు పది ద్రవ్యములలో నింబము ఒకటి. రెండవ అధ్యాయమున వమనమునకు ఉపకరించు ద్రవ్యముల పట్టికలో మదనఫలము, యష్టిమధుకము పిమ్మట మూడవదిగా వేప చెప్పబడినది. అనగా వసంతమున చేయదగిన ప్రధానకర్మకు వేప సహాయద్రవ్యమే. అయినను ఋతుచర్యాధ్యాయమున దాని పేరు లేదు.

ఆ పేరు సుశ్రుతసంహితలో దొరకును. ఆ గ్రంథమునకు పిమ్మట చేరినదని పండితులు తలంచు ఉత్తరతంత్రమునందలి అరువదినాలుగవ అధ్యాయమున స్వస్థవృత్తము వర్ణింపబడినది. హిమకాలము గడచిన పిమ్మట తినదగిన ధాన్యములను, పెసలను, లావుకపిట్ట మొదలగువాని మాంసరసములను చెప్పి, వానితో చేదుపొట్ల, వేప, వార్తాకము మొదలగు తిక్తశాకములను చేర్చుకొనవలెనని సుశ్రుతుడు చెప్పెను. వార్తాకమనగా వంకాయ. వేపయు వంకాయయు ఒకే వాక్యమున వసంతాహారముగా పేర్కొనబడుటయు, నేటికిని వంగదేశపు గృహిణులు ఆ రెంటిని కలిపి ఆ ఋతువుననే వండుటయు గమనింపదగినవి. ఒకటి మరియొకదానికి మూలమని దీనివలన నిరూపితము కాదు. గ్రంథము వంటయింటిని చూచి వ్రాసియుండవచ్చును, వంటయిల్లు గ్రంథమును విని అనుసరించియుండవచ్చును. ఎట్లయినను వేప వసంతమున మొదట భోజనద్రవ్యమేగాని వ్రతద్రవ్యము కాదని ఈ వాక్యము తెలుపుచున్నది.

సుశ్రుతుని మరియొక విశేషము ఋతువిభాగము. సూత్రస్థానపు ఆరవ అధ్యాయమున ఆయన రెండు విధములైన లెక్కలు చెప్పెను. ఒకదానియందు శిశిరము కలదు, చైత్రవైశాఖములు వసంతము. రెండవదానియందు శిశిరము లేదు. దానికి బదులు ప్రావృట్టను తొలకరికాల మొకటి చేరినది. అందు ఫాల్గుణచైత్రములు వసంతము, వైశాఖజ్యేష్ఠములు గ్రీష్మము. ఈ భేదమునకు వ్యాఖ్యాతలు ఒక భౌగోళిక కారణమును ఉదాహరించిరి. గంగకు ఉత్తరమున హిమవంతము సమీపమగుటచే చలి యెక్కువ, గాన హేమంత శిశిరములని చలికాలమునకు రెండు ఋతువులు. గంగకు దక్షిణమున వాన యెక్కువ, గాన ప్రావృట్టు వర్షములని వానకాలమునకు రెండు ఋతువులు. ఋతుచర్య దేశమునుబట్టి మారదగినదని శాస్త్రకారులే అంగీకరించిన విషయమునకు ఇంతకంటె స్పష్టమైన సాక్ష్య మక్కరలేదు. కృష్ణాగోదావరీతీరముల చైత్రమునాటికే ఎండలు ముదురును. కాశ్మీరమున మంచు కరగు కాలమునకు చెప్పిన నియమములను ఈ దేశమున అక్షరాల పాటించుట శాస్త్రమునకే విరుద్ధము.

వాగ్భటుని అష్టాంగహృదయమున మూడవ అధ్యాయము పూర్తిగా ఋతుచర్యకు కేటాయింపబడినది. చరకుని విధులనే గ్రహించి వాగ్భటుడు వానిని కావ్యముగా మలచెను. తీవ్రవమనము, నస్యము, లఘురూక్షాహారము, వ్యాయామము, నలుగు, పాదమర్దనము చెప్పి, స్నానానంతరము కర్పూర చందన అగరు కుంకుమములను పూసికొని, పాతబడిన యవలను గోధుమలను, తేనెను, ఇనుపచువ్వకు గ్రుచ్చి కాల్చిన మాంసమును భుజింపవలెననెను. మామిడిరసము కలిపిన మద్యములను మిత్రులతో కూడి సేవింపవచ్చును. వానికి మారుగా నాలుగు నీళ్ళు చెప్పెను: అల్లపు నీరు, వేగిస మొదలగు వృక్షముల చేవతో కాచిన నీరు, తేనెనీరు, తుంగముస్తల నీరు. మధ్యాహ్నమున దక్షిణానిలము వీచు చల్లని తోటలలో కోకిలల కూతలు వినుచు కాలము గడపవలెను.

ఈ వర్ణనము మనోహరమే. కాని ఇది ఎవరికి సాధ్యము? కర్పూరకుంకుమములు, మాంసము, మద్యము, ఉద్యానవనము గలవాడు సంపన్నుడు. వమనమునకు ముందు చేయవలసిన సన్నాహమును చరకుడు సూత్రస్థానపు పదునైదవ అధ్యాయమున వర్ణించెను. గాలి మితముగా వీచు దృఢమైన గృహము, వంటశాల, స్నానశాల, శుచియు సమర్థులు నగు పరిచారకులు, పాడగలవారు, కథలు చెప్పగలవారు, పాడియావు, పాత్రలు, శయ్యలు అన్నియు సిద్ధముగా నుండవలెను. ఇది రాజునకును, రాజసమానునకును తగిన విధి. అయితే ఆ అధ్యాయమును చరకు డచ్చటనే ముగింపలేదు. దరిద్రుడు ఆపద కలిగినప్పుడు దుర్లభమగు సామగ్రిని కూర్చుకొనకయే శోధనౌషధమును సేవింపవచ్చునని చెప్పెను. అందరు మనుష్యులకును అన్ని పరికరములు ఉండవు. అయినను దారుణరోగములు దరిద్రులను విడిచిపెట్టవు గదా యని ఆయన భావము. భారతీయ వైద్యవాఙ్మయమున ఇంతటి కరుణార్ద్రవాక్యములు అరుదు. వేపచెట్టు ఈ దరిద్రుని వాకిటనే మొలచినది. ధనము పెట్టి కొననక్కరలేదు. కొండ లెక్కి తేనక్కరలేదు. ఋతువు రాగానే పూచి నేల రాలును.

ఇక పచ్చడి విషయము. శాస్త్రము వసంతమున పుల్లనిదియు తీయనిదియు మానుమనుచున్నది. ఉగాదిపచ్చడిలో చింతపండును బెల్లమును మెండుగా నున్నవి. అట్లయిన ఈ పచ్చడి వసంతచర్యకు విరుద్ధము కాదా? ఈ చిక్కును విప్పు సూత్రము వాగ్భటుని ఋతుచర్యాధ్యాయము చివరనే కలదు. అన్ని ఋతువులందును ఆరు రసములను నిత్యము సేవింపవలెను. అయితే ఆయా ఋతువునకు చెప్పబడిన రసములు ఆయా కాలమున కొంత అధికముగా నుండవలెను. వసంతమునకు చెప్పబడినవి చివరి మూడు రసములు, అనగా తిక్త కటు కషాయములు. సర్వరసములను అభ్యసించుట బలమును, ఏకరసమును అభ్యసించుట దౌర్బల్యమును కలిగించునని చరకుని వచనము. ఆరు రుచులను కలిపి, అందు వేపచేదును ప్రధానముగా నిలిపిన ఉగాదిపచ్చడి ఈ సూత్రమునకు లక్ష్యమువలె నున్నది. ఇది చికిత్స కాదు. ఒక్కనాడు తిన్న చెంచాడు పచ్చడి ఏడాది రోగమును హరింపజాలదు. సంవత్సరమంతయు ఎట్లు భుజింపవలెనో జ్ఞాపకము చేయు సంకేతమని చెప్పుట యుక్తము.

పండుగలో వేపను విధించు శ్లోకములు వైద్యగ్రంథములవి కావు, పంచాంగములలో ఉదాహరింపబడునవి. వాని యందొకటి లేతయాకులను పూవులతో సహా తెచ్చి, మిరియము, ఉప్పు, ఇంగువ, జీలకర్ర, వాము చేర్చి చూర్ణము చేసి రోగశాంతికై తినుమనును. ఈ యోగమున చింతపండు లేదు, బెల్లము లేదు. చేదును కారమును మాత్రమే ఉన్నవి. వైద్యుని వసంతచర్యకు ఇది పచ్చడికంటె సమీపమైనది. కారమునకు మిరియము చెప్పబడుటయు గమనింపదగినది. పదునారవ శతాబ్దమున పోర్చుగీసువారి మూలమున అమెరికాఖండమునుండి మిరపకాయ వచ్చువరకు మనదేశమున కారమునకు ఆధారములు మిరియము, పిప్పలి, శొంఠి మాత్రమే. నేడు పచ్చడిలో మిరపకారము వేయువారు తెలియకయే క్రొత్త ద్రవ్యమును పాత స్థానమున నిలిపిరి.

వైద్యమును వ్రతమును ఒకచోటికి చేరిన మార్గమును చూపుటకు దక్కనునందలి ఒక విద్వాంసుని పేరు చెప్పవచ్చును. పదుమూడవ శతాబ్దమున దేవగిరి యాదవులకు మంత్రియైన హేమాద్రి వ్రతదానాదులను సంకలనముచేసి చతుర్వర్గచింతామణిని రచించెను. ఆయనయే అష్టాంగహృదయమునకు ఆయుర్వేదరసాయనమను వ్యాఖ్యను వ్రాసెను. అంతకు పూర్వము పదునొకండవ శతాబ్దమున వంగదేశమున చరకమునకు వ్యాఖ్య రచించిన చక్రపాణిదత్తుని తండ్రి నయపాలరాజు పాకశాలకు అధికారి. శాస్త్రము వంటయింటికిని పూజాగృహమునకును దూరముగా నుండలేదని ఈ వంశవృత్తాంతములే చెప్పుచున్నవి.

పదునారవ శతాబ్దపు భావమిశ్రుడు భావప్రకాశమున ఋతుహరీతకిని వివరించెను. కరక్కాయ ఒక్కటియే; అనుపానము ఋతువునుబట్టి మారును. వర్షర్తువున సైంధవలవణము, శరత్తున చక్కెర, హేమంతమున శొంఠి, శిశిరమున పిప్పలి, వసంతమున తేనె, గ్రీష్మమున బెల్లము. తేనె కఫహరమగుటచే వసంతమునకు తగియున్నది. రాజోచితమగు సన్నాహమంతయు ఇచ్చట ఒక కాయకును, ఒక చుక్క తేనెకును కుదించుకొనినది. వెల్లుల్లి విషయమునను ఇట్టి వివేకమే కనబడును. దానిని చలికాలమున సేవింపవలెనని చెప్పి, కఫము అధికముగా గలవారు వసంతమునను సేవింపవచ్చునని వాగ్భటుడు ఉత్తరస్థానమున సడలింపు నిచ్చెను. ఋతువులు మారు సంధికాలమున, అనగా గడచు ఋతువు చివరి యేడు దినములు, రాబోవు ఋతువు తొలి యేడు దినములు, పాత అలవాటును మెల్లగా విడిచి క్రొత్తదానిని మెల్లగా అవలంబింపవలెనను నియమమును ఆయనదే. అకస్మాత్తుగా మార్చినచో అసాత్మ్యమువలన రోగములు పుట్టునని హెచ్చరించెను.

ఈ ఋతుచర్య భారతదేశపు ఎల్లలు దాటినది. అబ్బాసీ ఖలీఫాల కాలమున చరక సుశ్రుతములు బాగ్దాదునకు చేరెను. క్రీ.శ. 850 ప్రాంతమున అలీ ఇబ్న్ రబ్బన్ అల్ తబరీ రచించిన ఫిర్దౌసుల్ హిక్మత్ చివరిభాగము భారతీయవైద్యమును సంగ్రహించుచున్నది. పదునొకండవ శతాబ్దమున రించెన్ జంగ్పో మొదలగు అనువాదకులు అష్టాంగహృదయమును టిబెట్టుభాషలోనికి పరివర్తించిరి. తెలుగునాట వైద్యులు ఆదరించిన బసవరాజీయము సంస్కృతశ్లోకముల నడుమ తెలుగును చేర్చి రచింపబడినది. గ్రామవైద్యుడు తన రోగితో మాటలాడు భాషయే శాస్త్రమున ప్రవేశించుటకు అది నిదర్శనము.

వసంతమున కలుగు రోగములలో అతిభయంకరమైనది మశూచి. వంగభాషలో ఆ రోగమునకు వసంతమనియే పేరు. మాధవనిదానమున మసూరికకు ప్రత్యేకాధ్యాయ మేర్పడినది. భావమిశ్రుడు శీతలను ఆ ప్రకరణముననే వర్ణించి, స్తోత్రమును కూడ చేర్చెను. తెలుగుపల్లెలలో అమ్మవారు పోసిన యింటికి వేపమండలు కట్టుట, రోగిపై వేపరెమ్మలతో విసరుట, పసుపు వేపాకు నూరి పూయుట పరంపరగా వచ్చిన ఆచారములు.

దీనితోపాటు మరియొక పద్ధతియు దేశమున నుండెను. 1767లో హాల్వెల్ అను ఆంగ్లవైద్యుడు లండనులోని వైద్యసభకు నివేదించిన గ్రంథమున వంగదేశపు టీకాదారులను వర్ణించెను. వారు ఏటేట రోగము విజృంభించుటకు కొన్ని వారములు ముందుగా, ఫిబ్రవరి మార్చి మాసములలో గ్రామములకు వచ్చెడివారు. మశూచి పొక్కులనుండి తీసి భద్రపరచిన ద్రవ్యమును చర్మముపై గీచి ఎక్కించెడివారు. ప్రజలు వారి రాకకు ఒక మాసము ముందుగానే చేపలు, పాలు, నెయ్యి మానియుండెడివారు. టీకా వేయించుకొన నిశ్చయింపనివారును ఈ పథ్యమును పాటించెడివారట. చేపలు, పాలు, నెయ్యి అనునవి కఫమును పెంచు గురుస్నిగ్ధాహారములు. చరకుడు వసంతమున మానుమనిన వర్గములోనివే. వసంతచర్య ఇచ్చట గ్రంథమునుండి గాక జనజీవనమునుండి, ఒక విదేశీయుని సాక్ష్యముచే, మనకు దర్శనమిచ్చుచున్నది.

అయితే చరిత్రకారుడు సత్యమును పూర్తిగా చెప్పవలెను. మశూచిని ఈ దేశమునుండి పారద్రోలినది పథ్యము కాదు, వేప కాదు. 1802 జూన్ 14న బొంబాయిలో మూడేండ్ల బాలికకు గోమశూచి టీకా వేయబడినది. అది మొదలుగా నూటడెబ్బదియేండ్లకు పైగా జరిగిన ప్రయత్నమునకు ఫలముగా 1975లో ఈ దేశమున చివరి రోగి గుర్తింపబడెను. 1980లో లోకమంతటినుండి ఆ రోగము తొలగినట్లు ప్రపంచ ఆరోగ్యసంస్థ ప్రకటించెను. వేపమండ రోగియింటికి గుర్తుగా నిలిచి, ఇతరులను దూరముగా నుంచి కొంత మేలు చేసియుండవచ్చును. రోగమును అడ్డగించు శక్తి మాత్రము దానికి లేదు. ఋతుచర్యను ప్రశంసించువారు ఈ పరిమితిని మరువరాదు. శాస్త్రమే వమనమును గర్భిణులకు, బాలురకు, వృద్ధులకు, దుర్బలులకు నిషేధించినది. ఆకు చేదుగా నున్నంతమాత్రమున అది ఎవరికైనను, ఎంతయైనను హితమనుట వైద్యము కాదు. పసిపిల్లలకు వేపనూనె లోనికిచ్చుట ప్రాణాపాయకరమని ఆధునిక వైద్యులు నిర్ధారించియున్నారు.

ఇరువదవ శతాబ్దమున ఈ విద్య రెండు పరీక్షలకు గురియైనది. మొదటిది ప్రభుత్వాదరణమునకు సంబంధించినది. 1921లో మదరాసు ప్రభుత్వము మహమ్మదు ఉస్మాను అధ్యక్షతన దేశీయవైద్యముపై ఒక సంఘమును నియమించెను. 1923లో వెలువడిన ఆ సంఘపు నివేదికకు ఫలముగా 1925లో మదరాసున దేశీయవైద్యపాఠశాల నెలకొన్నది, సంఘకార్యదర్శియైన జి. శ్రీనివాసమూర్తి దానికి తొలి అధ్యక్షుడయ్యెను. పాశ్చాత్యవైద్యమున పట్టము పొంది ఆయుర్వేదమువైపు మరలిన ఆచంట లక్ష్మీపతి తెలుగువారికి ఆరోగ్యశాస్త్రమును మాతృభాషలో బోధించినవారిలో అగ్రగణ్యుడు. వైద్యుడు మందిచ్చువాడు మాత్రమే కాదు, దినచర్య ఋతుచర్యలను నేర్పు ఆచార్యుడనుట ఆ తరమువారి ఆశయము.

రెండవ పరీక్ష వేప ఎవరిదను ప్రశ్న. 1942లో సలీముజ్జమాన్ సిద్దిఖీ అను రసాయనవేత్త వేపనూనెనుండి నింబిను, నింబినిను, నింబిడిను అను చేదుద్రవ్యములను వేరుచేసెను. చేదు వెనుకనున్న పదార్థము అప్పుడు రసాయనశాస్త్రమున మొదటిసారి పేర్లు పొందెను. ఆ పేర్లలో సంస్కృతపు నింబమే నిలిచినది. అర్ధశతాబ్దము గడచిన పిమ్మట, 1994లో, వేపనూనెను బూజుతెగుళ్ళపై ఉపయోగించు పద్ధతికి అమెరికా వ్యవసాయశాఖకును డబ్ల్యు. ఆర్. గ్రేస్ సంస్థకును ఐరోపా పేటెంటు లభించినది. భారతదేశమున రైతులు ఎరిగిన ఉపయోగమునకు ఇట్టి హక్కు చెల్లదని వందనా శివ మొదలగువారు వాదించిరి. 2000లో ఆ పేటెంటు రద్దయ్యెను. 2005లో పునర్విచారణమునందును ఆ తీర్పే స్థిరపడినది. పసుపుపై 1995లో అమెరికాలో ఇయ్యబడిన పేటెంటును 1997లో రద్దయినది. ఈ యనుభవముల పిమ్మట 2001లో భారతప్రభుత్వము సంప్రదాయవిజ్ఞానమునకు ఒక అంకాత్మక గ్రంథాలయమును ప్రారంభించి, ప్రాచీనవైద్యగ్రంథములలోని యోగములను ఆంగ్లము, ఫ్రెంచి, జర్మను, స్పానిషు, జపానుభాషలలో పేటెంటు పరీక్షకులకు అందుబాటున ఉంచెను. రోగమును నివారించుటకై వ్రాయబడిన శ్లోకము స్వామ్యమును నిలుపుకొనుటకు సాక్ష్యముగా నిలువవలసివచ్చుట కాలవైచిత్ర్యము.

ఈ వృత్తాంతమునంతయు కూర్చి చూచినచో తేలు అంశములు మూడు. వసంతచర్య ఒక గ్రంథమునందు ఒక్కమారు పుట్టి కదలక నిలిచిన శాసనము కాదు. గంగకు ఉత్తరమున ఒకరీతిగా, దక్షిణమున మరియొకరీతిగా, రాజునకు ఒకరీతిగా, పేదకు మరియొకరీతిగా మారుచు వచ్చిన వివేకము. వేప శాస్త్రమునుండి పండుగలోనికి నేరుగా దిగివచ్చినదని చెప్పుటకు ఆధారము చాలదు. వైద్యుని పట్టికయందును, గృహిణి వంటయందును, వ్రతకారుని శ్లోకమునందును అది వేర్వేరుగా నుండి, ఒకదానినొకటి బలపరచుకొనినది. ఇక మూడవది, ఈ సంప్రదాయమును కాపాడుటయనగా దానికి లేని శక్తులను అంటగట్టుట కాదు. ఉన్న శక్తిని, ఉన్న పరిమితిని ఎరిగి నిలుపుకొనుట.

చరకుడు రాజునకు గృహము, పరిచారకులు, పాడియావు చెప్పి, చివర దరిద్రుని తలంచెను. ఆ దరిద్రునకు శాస్త్రము అనుమతి మాత్రమే ఇయ్యగలిగినది. వాకిటి వేపచెట్టు ద్రవ్యమును ఇచ్చినది. పాడ్యమినాటి ఉదయమున తల్లి బిడ్డ నోటికి పచ్చడి అందించి, చేదని మొగము చిట్లించుకొను బిడ్డను మ్రింగుమని బుజ్జగించునప్పుడు, రెండువేల యేండ్ల ఋతుచర్యలో జనులు తమవిగా నిలుపుకొనగలిగిన భాగమే ఆ చేతిలో నున్నది.